పాత కింగ్ ట్యూబాకి వాల్వు సెక్షన్ మొత్తం మార్చాలా, ఉన్నదాన్నే బాగు చేయించాలా?

మీరు అడిగింది ఇదీ: అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో హెచ్.ఎన్. వైట్ కంపెనీ చేసిన పాత కింగ్ 1240, మూడు వాల్వుల బి-ఫ్లాట్ ట్యూబా (నోటితో ఊదే పెద్ద ఇత్తడి వాయిద్యం) మీ దగ్గరుంది. బాడీ బాగానే ఉంది, వాల్వులే గాలి వదిలేస్తున్నాయి. బాడీ నలిగిపోయిన ఒక కింగ్ 1241 నుంచి నాలుగు వాల్వుల సెక్షన్ చవగ్గా దొరుకుతోంది. దాన్ని విప్పి దీనికి పెట్టొచ్చా, పెట్టగలిగితే ఇంట్లో గ్యాస్ టార్చ్‌తో చేసుకునే పనేనా అని.

సూటిగా చెప్తాను. పెట్టొచ్చు. రెండింటి బోరూ (గొట్టం లోపలి వ్యాసం) 0.687 అంగుళాలే, అంటే దాదాపు 17.45 మి.మీ. అందువల్ల మామూలుగా వచ్చే తలనొప్పుల్లో సగం మీకు లేవు. కానీ వాల్వుల అరుగుదల ఒక్కటే మీ బాధ అయితే సెక్షన్ మార్చకండి, ఉన్న వాల్వులనే రీబిల్డ్ చేయించండి. నాలుగో వాల్వు కావాలనుకుంటేనో, పాత కేసింగులు (పిస్టన్లు పైకీ కిందికీ జారే గొట్టాలు) వంగిపోయో పగిలిపోయో ఉంటేనో మాత్రం మార్పిడికి అర్థం ఉంది. ఇక ఇంట్లో చేసుకోవడం సంగతి: టంకం పని చేతనైతే సెక్షన్ విప్పడం, బిగించడం మీరే చేసుకోవచ్చు. కేసింగ్ హోనింగ్, పిస్టన్ మీద నికెల్ పూత మాత్రం ఇంట్లో అయ్యేవి కావు.

అసలు ఈ పనిలో టార్చ్ వెలిగించేది కొద్దిసేపే. మిగతాదంతా కొలవడం, పొడిగా అమర్చి చూడడం, మళ్ళీ కొలవడం. ఆ భాగం తొందరగా ముగించిన ట్యూబాలే తర్వాత శ్రుతి కలవక మూలపడతాయి.

ముందు తప్పు వాల్వులదేనా తేల్చుకోండి

గాలి పోతోందంటే అందరూ వాల్వుల్నే అనుమానిస్తారు. పాత ట్యూబాల్లో గాలి వాటర్ కీ (లోపలి నీళ్ళు వదిలే మీట) బిరడా దగ్గర పోవచ్చు, టంకం విడిన బ్రేసు (గొట్టాల్ని కలిపి పట్టే ఆధారం) పక్కనున్న జాయింట్‌లో పోవచ్చు, మౌత్‌పీసు నుంచి వాల్వుల దాకా పోయే మౌత్‌పైపులో లోపల్నుంచి ఇత్తడి తినేసిన సూది రంధ్రాల్లోంచి కూడా పోవచ్చు. మౌత్‌పైపు మీద గులాబీ రంగు మచ్చలు, వాటి నడుమ నల్ల చుక్క కనిపిస్తే జింకు కరిగిపోయి రాగి మిగిలిందని అర్థం. అక్కడ గోటితో నొక్కి చూడండి.

వాల్వు పరీక్ష ఇలా చేయండి. స్లైడులకి (శ్రుతి సరిచేయడానికి లోపలికీ బయటికీ జరిపే గొట్టాలు) చిక్కటి గ్రీజు పట్టించండి, లేకపోతే స్లైడు లీకు కూడా వాల్వు లెక్కలో పడుతుంది. వాల్వు నొక్కకుండా మొదటి స్లైడు 3 సెం.మీ. బయటికి లాగి, అలాగే పట్టుకుని 5 సెకన్లు ఆగండి. అప్పుడు వాల్వు నొక్కితే ‘టప్’ మని గట్టిగా వినబడాలి. చప్పుడు మెత్తగా వస్తే వాల్వు సగం అరిగిందన్నమాట. అసలేమీ రాకపోతే పూర్తిగా కారుతోంది. ఇప్పుడు పిస్టన్లకి అరిగిన వాల్వుల కోసం అమ్మే చిక్కటి నూనె వేసి మళ్ళీ చేయండి. నూనెతో తేడా బాగా కనిపిస్తే అది సందు పెరగడమే. ఏ తేడా లేకపోతే లీకు ఇంకెక్కడో ఉంది, వేట అక్కడ మొదలుపెట్టండి.

అంకెల్లో కావాలంటే మైక్రోమీటరు, బోర్ గేజి ఉన్న లేత్ షాపుకి తీసుకెళ్ళండి. పిస్టన్‌ని నాలుగు చోట్ల, కేసింగ్‌ని మూడు లోతుల్లో, ప్రతి లోతులోనూ అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి కొలిపించండి. మంచి వాల్వులో పిస్టన్‌కీ కేసింగ్‌కీ వ్యాసంలో తేడా 0.03 నుంచి 0.05 మి.మీ. ఉంటుంది. 0.1 మి.మీ. దాటితే కింది స్వరాలు ఊదినంత సేపూ గాలి దండగే. 1240లో వాల్వులు ముందువైపు అడ్డంగా ఉంటాయి కదా, పిస్టన్ బరువూ వేలి ఒత్తిడీ ఎప్పుడూ ఒకే వైపు పడి కేసింగ్ గుండ్రంగా కాక కోలగా అరుగుతుంది. అందుకే రెండు దిశల్లో కొలవమనేది. ఒకే దిశలో కొలిచి ‘బాగానే ఉంది’ అన్న మాట నమ్మకండి.

ఇంకో చిన్న విషయం. పాతబడి నలిగిన ఫెల్టుల వల్ల పిస్టన్ రంధ్రం కేసింగ్ రంధ్రానికి ఎదురుగా రాదు. ఇది లీకు కాదు గానీ ఊదేవాళ్ళకి అచ్చం లీకులాగే అనిపిస్తుంది, స్వరం బిగుసుకుపోయినట్టు ఉంటుంది. స్లైడు తీసి చిన్న అద్దంతోనో ఫోన్‌కి పెట్టే సన్న కెమెరాతోనో లోపలికి చూడండి. పైకి ఉన్నప్పుడు ఒకసారి, నొక్కినప్పుడు ఒకసారి. అంచు అర మిల్లీమీటరు కనబడినా ఫెల్టు మందం సరిచేయాలి. ఇంత చిన్న ఖర్చుతో పోయే జబ్బుకి సెక్షన్ మార్చిన వాళ్ళున్నారు.

రీబిల్డ్ అంటే ఏం చేస్తారు

పాత బైకుకి సిలిండర్ బోరు చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించడం తెలుసుగా, అదే ఇదీ. కేసింగ్‌ని హోన్ చేసి మళ్ళీ గుండ్రంగా, పైనుంచి కిందిదాకా ఒకే వ్యాసంతో ఉండేలా చేస్తారు. పిస్టన్ మీద పాత పూత తీసేసి, కొత్తగా నికెల్ మందంగా ఎక్కించి, సైజుకి గ్రైండ్ చేసి, చివర్లో సన్నటి ల్యాపింగ్ పొడితో ఆ కేసింగ్‌కే జత చేస్తారు. అమెరికాలో బ్రాస్ వాయిద్యాల పరిశ్రమకి పుట్టిల్లు లాంటి ఇండియానాలోని ఎల్కార్ట్ చుట్టుపక్కల ఈ పనే చేసే షాపులున్నాయి. పంపే ముందు ఒక్క ప్రశ్న అడగండి: కేసింగ్ హోన్ చేస్తారా, పిస్టన్‌కి పూత మాత్రమే వేస్తారా? కోలగా అరిగిన కేసింగ్‌లో గుండ్రటి పిస్టన్ పెడితే ఒక వైపు బిగుసుకుంటుంది, ఇంకో వైపు కారుతుంది.

మీ 1241 సెక్షన్‌ని కూడా కొనే ముందు ఇదే పరీక్షకి పెట్టండి. దాని బాడీ నలిగిందంటే ఆ ట్యూబా ఎక్కడో గట్టిగా పడింది. పడిన దెబ్బ వాల్వుల మీదకి వచ్చిందా చూడాలి. పిస్టన్లకి నూనె వేయకుండా, శుభ్రంగా తుడిచి, వాటి నంబర్ల ప్రకారం కేసింగుల్లోకి సొంత బరువుతోనే జారనివ్వండి. ఎక్కడైనా ఆగితే అక్కడ సొట్టో వంపో ఉంది. కేసింగుల మధ్య ఉండే నకిల్స్ అనే పొట్టి గొట్టాల మొదట్లో సన్నటి చీలిక ఉందేమో భూతద్దంతో చూడండి. చీలిక ఉంటే వెండి టంకం పని పడుతుంది. ఆ వేడికి కేసింగ్ ఆకారం మారుతుంది, ఆ తర్వాత హోనింగ్ తప్పదు. అంటే చవకబేరం కాస్తా చవక కాకుండా పోతుంది.

సెక్షన్ ఒక్కటే కొనకండి

అమ్మేవాళ్ళని బతిమాలైనా సరే ఈ నాలుగూ దాంతోపాటు తెచ్చుకోండి: మౌత్‌పైపు, మెయిన్ ట్యూనింగ్ స్లైడు లోపలి కాళ్ళూ బయటి గొట్టాలతో సహా, వాల్వుల నుంచి మెయిన్ స్లైడుకి పోయే వంపు గొట్టం, బ్రేసులన్నీ. 1241లో నాలుగో వాల్వు దారిలో పడుతుంది కాబట్టి మిగతా గొట్టాలు దానికి తగ్గట్టు కోసి ఉంటాయి. ఆ ముక్కలు మీ చేతిలో ఉంటే తర్వాత చెప్పబోయే కోత లెక్కలో చాలా భాగం తప్పిపోతుంది. మౌత్‌పైపు మాత్రం ఆ పడిన ట్యూబాది వంకర పోయి ఉండొచ్చు, అయినా తెచ్చుకోండి, కనీసం కొలతకి పనికొస్తుంది.

పొడవు లెక్క

బి-ఫ్లాట్ ట్యూబా గొట్టం పొడవు మోటుగా 18 అడుగులు, అంటే 5.49 మీటర్లు. అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు. ఈ పొడవు మీద ఒక సెంటు అంటే 3.2 మి.మీ. ఈ ఒక్క అంకె గుర్తుంచుకోండి.

మూడు వాల్వుల బదులు నాలుగు వచ్చాయి. ఏ వాల్వూ నొక్కనప్పుడు కూడా గాలి నాలుగో కేసింగ్‌లోంచి, దాని నకిల్‌లోంచి పోవాలి. ఆ అదనపు దారి రకాన్ని బట్టి 5 నుంచి 8 సెం.మీ. దాకా ఉంటుంది. అంటే ట్యూబా మొత్తం 15 నుంచి 25 సెంట్లు కిందికి దిగుతుంది. మెయిన్ స్లైడు పూర్తిగా లోపలికి తోసినా 440కి (ఎ స్వరం సెకనుకి 440 కంపనాలు ఉండే మామూలు శ్రుతి) రాకపోవచ్చు, చలి హాల్లో అయితే అసలే రాదు. ‘వాల్వులు మార్చాక ట్యూబా ఫ్లాట్ అయింది’ అని చెప్పేవాళ్ళందరి సంగతీ ఇదే.

కొలవడం కష్టం కాదు. పిస్టన్లు తీసి, గొట్టం మధ్యలోంచి పోయేలా ఒక మెత్తటి తీగని మౌత్‌పైపు చివర చేరే చోట నుంచి మెయిన్ స్లైడు మొదలయ్యే చోట దాకా దూర్చి, తీగ పొడవు కొలవండి. పాత సెక్షన్‌కీ కొత్త సెక్షన్‌కీ అలాగే చేయండి. రెండింటి తేడాయే మీరు మెయిన్ స్లైడులో తగ్గించాల్సింది. తేడా 60 మి.మీ. వచ్చిందనుకోండి. స్లైడుకి రెండు కాళ్ళు కాబట్టి ఒక్కో కాలికి 30 మి.మీ.

ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు: బయటి గొట్టం కోసి లోపలి కాలు వదిలేస్తారు. అప్పుడు లోపలి కాలు వెళ్ళి అవతలి అంచుకి తగిలి ఆగిపోతుంది, స్లైడు మూసుకోదు. రెండూ సమానంగా కోయాలి. ఒకేసారి 30 కోయకండి. ముందు 20 కోసి, అంతా బైండింగ్ వైరుతో, టేపుతో కట్టి ఊది చూసి, తర్వాత మిగతాది. కోసిన ఇత్తడి మళ్ళీ అతికించుకోవడం కుదిరే పనే గానీ, అంత ముచ్చటగా ఉండదు.

లక్ష్యం: గది 22 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర ఉన్నప్పుడు, పావుగంట ఊది ట్యూబా వేడెక్కాక, మెయిన్ స్లైడు 20–25 మి.మీ. బయటికి ఉండగా 440కి కలవాలి. గాలి చల్లబడితే శ్రుతి దిగుతుంది. మొత్తం గాలి చల్లబడితే డిగ్రీకి 3 సెంట్ల దాకా పోతుంది, ఊపిరి వేడి వల్ల నిజంగా పడేది అంతకంటే తక్కువ. అయినా శీతాకాలంలో చర్చి హాల్లో ఆడే బ్యాండుకి పైకి పోవడానికి ఆ మాత్రం చోటు మిగలాలి.

వాల్వు స్లైడుల పొడవు మీరు ముట్టుకోనక్కర్లేదు, అవీ బి-ఫ్లాట్‌కి చేసినవే. వేరే స్థాయి ట్యూబా నుంచి సెక్షన్ తెచ్చేవాళ్ళ కోసం మాత్రం చెప్తున్నాను: రెండో వాల్వు మొత్తం పొడవుకి 5.9 శాతం, మొదటిది 12.2, మూడోది 18.9, నాలుగోది 33.5 శాతం కలపాలి. 18 అడుగుల మీద వరసగా సుమారు 33, 67, 104, 184 సెం.మీ. సి-ట్యూబా 16 అడుగులే కాబట్టి దాని స్లైడులు బి-ఫ్లాట్‌కి పొట్టిగా వస్తాయి, పొడిగించాలి. ఇటుది అటు పెడితే కోయాలి. పొడిగించడం కంటే కోయడం సులువు, అందుకే పాత బి-ఫ్లాట్ ట్యూబాల్ని సి-ట్యూబాలుగా కోసినవి అమెరికాలో అన్ని కనబడతాయి.

నాలుగో వాల్వు అంత కష్టానికి తగినదేనా?

నా అభిప్రాయంలో తగినదే, మీరు కమ్యూనిటీ బ్యాండులో కింది భాగాలు వాయిస్తున్నట్టయితే. మూడు వాల్వులతో 1, 3 కలిపి నొక్కితే స్వరం దాదాపు 30 సెంట్లు పైకి ఉంటుంది. 1, 2, 3 మూడూ కలిపితే 54 సెంట్లు, అంటే పావుస్వరం పైమాటే. వాల్వులన్నీ విడివిడిగా సరైన పొడవులోనే ఉన్నా, ఒకటి నొక్కాక గొట్టం పొడవైపోతుంది కాబట్టి రెండోది కలిపే ముక్క చాలదు, కారణం అంతే. నాలుగో వాల్వు ఒక్కటే నొక్కితే 1+3 స్వరం సరిగ్గా పలుకుతుంది. 2+4 నొక్కితే 54 సెంట్ల తప్పు 25కి తగ్గుతుంది, మిగతాది పెదవితోనో స్లైడుతోనో సర్దుకోవచ్చు. మార్చింగ్ పాటలు, పైన తిరిగే భాగాలు మాత్రమే వాయించేవాళ్ళకైతే ఇదంతా దండగ, మూడు వాల్వుల రీబిల్డ్ చాలు. పైగా ట్యూబా తేలిగ్గా ఉంటుంది.

పనివరస

టార్చ్ దగ్గరికి రాకముందు ఫోటోలు తీయండి, అన్ని వైపుల నుంచీ. మౌత్‌పీసు దూరే చోటు నుంచి ట్యూబా గంట (శబ్దం బయటికొచ్చే వెడల్పాటి మూతి) అంచుకి ఎంత, కింది వంపుకి ఎంత, వాల్వు బటన్లు ఎక్కడుంటాయి, ఇవన్నీ కొలిచి రాసుకోండి. కుర్చీలో కూర్చుని ట్యూబా ఒళ్ళో పెట్టుకుని మీ నోరు, కుడిచెయ్యి సహజంగా ఎక్కడికి వస్తాయో కూడా గుర్తు పెట్టండి. గీతలు సూదితో గీయకండి, పెన్సిల్ చాలు. పెన్సిల్ గీత ఉన్నచోట టంకం అంటదు. ఆ గుణాన్నే తర్వాత వాడుకోవచ్చు, టంకం పారకూడని చోట మెత్తటి పెన్సిల్ రుద్దేయండి.

పిస్టన్లు, స్ప్రింగులు, ఫెల్టులు, మూతలు, స్లైడులు అన్నీ తీసేయండి. వేడి నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బుతో జిడ్డంతా పోగొట్టండి, తర్వాత విప్పబోయే జాయింట్లని అసిటోన్‌తో తుడవండి. పాత నూనె, గ్రీజు మిగిలితే కొత్త టంకం గుండ్లుగా కట్టి జారిపోతుంది.

విప్పేటప్పుడు మొదట బ్రేసులు, తర్వాత మౌత్‌పైపు, తర్వాత మెయిన్ స్లైడు వైపు జాయింట్, చివర్న సెక్షన్. మెత్తటి టంకం 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. వెండి టంకం 600 డిగ్రీలు దాటితే గానీ కరగదు. ఈ తేడాయే మిమ్మల్ని కాపాడేది, కాబట్టి ఇత్తడి ఎర్రబడే దాకా పోనివ్వకండి. మంటని జాయింట్ మీదుండే మందమైన ఫెర్రూల్ ఉంగరం చుట్టూ తిప్పుతూ ఉండండి, ఒక్కచోట నిలపకండి. టంకం మెరిసి పారిన క్షణంలో గొట్టం తనంతట తను జారాలి. లాగితే గొట్టం కోలబడుతుంది. కేసింగుల మధ్య, నకిల్ మొదళ్ళ మీద మంట పడనివ్వకండి. పాత వాయిద్యాల్లో అక్కడ ఏ టంకం వాడారో పైనుంచి చూసి చెప్పలేం. నకిల్ ఒక్కటి కదిలినా ఆ వాల్వు రంధ్రం ఎదురు తప్పుతుంది.

లాకర్ పూత ఉన్న ట్యూబా అయితే జాయింట్ల చుట్టూ అది మాడుతుంది, తప్పదు. పాత లాకర్ మండే గుణం ఉన్నది, కిటికీలు తెరిచి, పొగ పీల్చకుండా చేయండి. వెండి పూత ఉన్నవి ఈ విషయంలో అదృష్టవంతులు, కడిగితే మళ్ళీ తెల్లబడతాయి.

సెక్షన్ విడిగా చేతిలో ఉన్నప్పుడే దాని రిపేర్లన్నీ పూర్తి చేయాలి. ముందు సొట్టలు, నకిల్ చీలికలు, స్లైడు గొట్టాల సమాంతరం. ఆ తర్వాతే హోనింగ్, నికెల్ పూత. ఈ వరస తిప్పేస్తే కొత్తగా జత చేసిన వాల్వు తర్వాతి వేడికి మళ్ళీ బిగుసుకుంటుంది.

ఇక పొడిగా అమర్చడం. సెక్షన్‌ని బాడీ మీద బైండింగ్ వైరుతో కట్టి, అన్ని స్లైడులూ పెట్టి చూడండి. మూడో స్లైడు, నాలుగో స్లైడు పూర్తిగా బయటికి లాగగలుగుతున్నారా? లేకపోతే నీళ్ళు పారబోయడానికి రోజూ యుద్ధమే. ఏ వంపుకీ ఇంకో గొట్టానికీ మధ్య కనీసం 5–6 మి.మీ. ఖాళీ ఉండాలి, తగిలితే ఊదేటప్పుడు జుంయ్‌మని కంపిస్తుంది. మౌత్‌పైపు కోణం కుర్చీలో కూర్చుని చూసుకోండి, బల్ల మీద కాదు.

మౌత్‌పైపే ఈ మార్పిడిలో నిజమైన చిక్కు. మూడు వాల్వుల సెక్షన్‌లో మొదటి వాల్వు ఉన్న చోటు, నాలుగు వాల్వుల సెక్షన్‌లో ఒక వాల్వంత పక్కకి జరుగుతుంది. పాత మౌత్‌పైపు చివర అక్కడికి అందదు, లేదా మిగిలిపోతుంది. మీ చేతిలో 1241 మౌత్‌పైపు ఉండి అది తిన్నగా ఉంటే దాన్నే వాడండి. వంచాల్సి వస్తే: ముందు గొట్టాన్ని మసక ఎరుపు వచ్చే దాకా కాల్చి చల్లారనిచ్చి మెత్తబరచాలి. తర్వాత లోపల తారు లాంటి పిచ్ గానీ, 70 డిగ్రీలకే కరిగే బెండింగ్ లోహం గానీ నింపి, కొద్దికొద్దిగా వంచాలి. ఆ లోహంలో సీసం, కాడ్మియం ఉంటాయి. వేడి నీళ్ళలోనే కరిగించండి, మంట మీద పెట్టకండి, నోటికి తగిలే గొట్టం కాబట్టి తర్వాత ఒక్క చుక్క కూడా మిగలకుండా తీసేయండి. ఎన్నో ఏళ్ళు గట్టిపడిన ఇత్తడిని కాల్చకుండా వంచితే పొడవునా చీలుతుంది. మౌత్‌పైపుని పొట్టి చేయాల్సి వస్తే వాల్వు వైపు నుంచే కోయండి. మౌత్‌పీసు వైపు సన్నటి భాగం కోస్తే సన్నం నుంచి లావుకి పెరిగే వరసే మారిపోయి, పైస్వరాల శ్రుతి ఎటుపోతుందో చెప్పలేం.

టంకం వేసేటప్పుడు వరస: మెయిన్ స్లైడు వైపు జాయింట్, తర్వాత మౌత్‌పైపు, చిట్టచివర బ్రేసులు. జాయింట్ రెండు ముఖాలూ ఎమరీతో మెరిసేలా గీకి, ఫ్లక్స్ రాసి, దూర్చి, జాయింట్ అవతలి వైపు నుంచి వేడిచేస్తే టంకం తనే సందులోకి పీల్చుకుంటుంది. మౌత్‌పైపు దగ్గర సీసం లేని టంకం వాడండి. తగరం, వెండి కలిసినది 221 డిగ్రీలకి కరుగుతుంది, పెద్ద తేడా ఏం లేదు.

బ్రేసుని బలవంతంగా కూర్చోబెట్టకండి. ఈ జవాబులో ఒక్క వాక్యం గుర్తుంచుకునేదైతే ఇదే అవ్వాలి. బ్రేసు పాదం వంపుకి సరిగ్గా ఆనేలా ముందే ఆకారం దిద్ది, రెండు వైపులా దానంతట అది తాకేలా పెట్టి, అప్పుడు టంకం వేయాలి. సందు ఉందని చేత్తో నొక్కిపట్టి టంకం వేస్తే, చల్లారాక ఆ బిగువంతా కేసింగ్‌ని లాగుతుంది. నిన్న జారిన పిస్టన్ ఇవాళ మధ్యలో ఆగుతుంది. అప్పుడు చాలామంది పిస్టన్‌ని పాలిష్ చేసి వదులు చేస్తారు, అంటే డబ్బు పెట్టి వేయించిన నికెల్‌ని చేతులారా గీకేస్తారు. చేయాల్సింది ఆ బ్రేసు మళ్ళీ కరిగించి, చేయి తీసేసి, గొట్టాన్ని దాని చోటుకి పోనివ్వడం. అందుకే ఒక్కో జాయింట్ వేసి చల్లారాక పిస్టన్లు పెట్టి జారుతున్నాయా చూడండి. ఆఖర్న ఒకేసారి చూస్తే ఏ జాయింట్ లాగుతోందో దొరకదు.

ఫ్లక్స్ ఆవిరి కేసింగ్ లోపలికి పోతుంది. అది ఆమ్లం. పని అవ్వగానే, రేపటికి వాయిదా వేయకుండా, లీటరు నీళ్ళకి రెండు చెంచాల వంటసోడా కలిపి లోపలంతా పారించి, వేడి నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె వేయండి. రాత్రంతా వదిలేస్తే ఉదయానికి కేసింగ్‌లో పచ్చటి తుప్పు గీతలు కనబడతాయి.

చివర్న మళ్ళీ ‘టప్’ పరీక్ష, తర్వాత ట్యూనరుతో స్లైడు స్లైడుకీ శ్రుతి.

ఇదే పని వేరే ట్యూబాల మీద చేయాలనుకునేవాళ్ళకి

కాన్ కంపెనీ పెద్ద ట్యూబాల్లో, 20జె లాంటి వాటిలో, బోరు 0.734 అంగుళాలు. మిరాఫోన్ కంపెనీ 186లో రోటరీ (పిస్టన్ బదులు గుండ్రంగా తిరిగే వాల్వుల) సెక్షన్ బోరు 19.6 మి.మీ., అంటే 0.77 దాకా. వాటిని 17.45 మి.మీ. గొట్టాల మధ్య పెడితే రెండు చివరలా మెట్టు వస్తుంది. రెండు మి.మీ. మెట్టు అంటే గాలి ఒక్కసారిగా విశాలమై మళ్ళీ ఇరుకైనట్టు. కొన్ని స్వరాలు జారిపోతాయి, వాటి చోటు దొరకదు. లావు సెక్షన్‌ని వాడాలంటే మౌత్‌పైపు, మెయిన్ స్లైడు రెండూ ఆ బోరుకి మార్చాలి. అప్పుడది రిపేరు కాదు, కొత్త ట్యూబా డిజైన్ చేయడమే. రోటరీ పెడితే లీవర్లు, వాటి కీళ్ళు ఎక్కడికి వస్తాయో కూడా చూసుకోవాలి. విడి రోటరీ వాల్వులు కావాలంటే జర్మనీలో గెరెట్స్‌రీడ్‌లోని మైన్‌ల్‌ష్మిట్ వాటినే ప్రత్యేకంగా చేసే సంస్థ.

బెసన్, బూసీ అనే బ్రిటిష్ కంపెనీల కాంపెన్సేటింగ్ (వాల్వులు కలిపి నొక్కినప్పటి శ్రుతి తప్పుని తనే సర్దుకునే) ట్యూబాల జోలికి ఈ పద్ధతిలో వెళ్ళకండి. 1874లో బ్లేక్లీ కనిపెట్టిన ఆ ఏర్పాటులో నాలుగో వాల్వు నొక్కితే గాలి మిగతా వాల్వుల గుండా రెండోసారి తిరిగొస్తుంది, ఒక్కో పిస్టన్‌లో రంధ్రాలు ఎక్కువ. మామూలు సెక్షన్ పెడితే ఆ వాయిద్యం ప్రత్యేకతే పోతుంది. వాటికి రీబిల్డ్ ఒక్కటే దారి.

మన దేశంలో పాత బ్యాండుల దగ్గర ఉన్న బ్రిటిష్ ట్యూబాలకి ఇంకో సంగతి ఉంది. బ్రిటన్ బ్రాస్ బ్యాండులు 1960ల మధ్య దాకా ఎత్తు శ్రుతిలో, ఎ స్వరం 452.5 దగ్గర వాయించేవి. ఆ కాలపు వాయిద్యం 440 కంటే 48 సెంట్లు పైన ఉంటుంది. బి-ఫ్లాట్ అయితే 15 సెం.మీ. పైగా, 13 అడుగుల ఇ-ఫ్లాట్ అయితే 11 సెం.మీ. పొడిగించాలి, దాంతోపాటు వాల్వు స్లైడులూ అదే నిష్పత్తిలో. వాటి వాల్వులు అరిగాయని మార్చే ముందు శ్రుతి చూసుకోండి, లేకపోతే అంత ఖర్చూ పెట్టాక కూడా క్లారినెట్లతో కలవదు. అమెరికాలో 440ని సంగీతకారుల సంఘం 1917లో ఒప్పుకుంది, అంతకు ముందువాటికీ ఇదే జాగ్రత్త. మీ 1240కి ఈ గొడవ లేదు.

హైదరాబాద్, విజయవాడ వైపు పెళ్ళి బ్యాండుల్లో తిరిగే మీరట్ సూసాఫోన్ల (ఒంటి చుట్టూ వేసుకుని ఊదే ట్యూబా రకం) సెక్షన్ పాత కింగ్‌కో కాన్‌కో పెట్టొచ్చా అని కూడా అడుగుతుంటారు. బోరు, నకిల్ బయటి వ్యాసం కొలవకుండా ఎవరూ చెప్పలేరు. మూతల మరలు కూడా కలవకపోవచ్చు. అదే మీరట్ జాలీ కోఠీ గల్లీల్లో గొట్టం వంచే, టంకం పెట్టే చేతులు మాత్రం తరాల నాటివి. మౌత్‌పైపు కొత్తగా చేయించుకోవడానికి ఇండియాలో ఉన్నవాళ్ళు అటు చూడొచ్చు.

తీసిన మూడు వాల్వుల సెక్షన్‌ని అమ్మేయకండి, పారేయకండి. చాలా అమెరికన్ వాయిద్యాల్లో సీరియల్ నంబరు వాల్వు కేసింగ్ మీదే ఉంటుంది. రేపు ట్యూబా అమ్మేటప్పుడు దాని పుట్టుక చెప్పేది ఆ ముక్కే. పిస్టన్లకి నూనె రాసి, ఏ పిస్టన్ ఏ కేసింగ్‌దో కలవకుండా, పాత మౌత్‌పైపుతో సహా గుడ్డలో చుట్టి డబ్బాలో ఉంచండి.

ఇక మీ సంగతిలో ముందుకు వెళ్ళాలంటే నాకు మూడు కొలతలు కావాలి: రెండు సెక్షన్లలో తీగ దూర్చి చూసిన పొడవులు, మీ మెయిన్ స్లైడు కాళ్ళ పొడవు, ఇప్పుడు 440కి కలవడానికి ఆ స్లైడు ఎంత బయటికి లాగుతున్నారు. అవి ఇక్కడ పెట్టండి, ఎంత కోయాలో, అసలు కోయాలో వద్దో లెక్కేసి చెప్తాను.